క్లో ద తార్ అమ్మేశాక ఇంకా ఫ్యామిలీ వైన్ ఏంటి?

గోదారోడు: ఫ్రాన్స్ బర్గండీలో క్లో ద తార్ అని 7.5 హెక్టార్ల ద్రాక్షతోట. 1932 నుంచి మొమెసాన్ కుటుంబానిది, 2017లో కోటీశ్వరుడు పీనో కంపెనీకి అమ్మకం ఖాయమైంది. మట్టి అదే, పినో న్వార్ ద్రాక్ష అదే. మరి వైన్‌లో తేడా ఏం వస్తుంది? లేబుల్ మీద ‘కుటుంబం’ ఉత్త మార్కెటింగ్ అంటా నేను.

పీపా: తేడా వస్తది. చదువుకునేటప్పుడు బర్గండీలోనే బోన్ అనే ఊరి దగ్గర ఒక చిన్న తోటలో తొమ్మిది రోజులు కోతకెళ్ళా, నడుం పోయింది. పొద్దున్నే మంచులో వంగి కత్తెరతో ఒక్కో గుత్తి కోయాలి, షెడ్డులో బల్ల దగ్గర ఓనరు వాళ్ళమ్మ, ఎనభై ఉంటాయి, బూజు పట్టిన గింజ కనపడితే గోటితో గిల్లి పారేసేది. మిషన్ అయితే చెట్టు దులిపేసి ఆకూ గింజా కలిపి లాగేస్తది.

గోదారోడు: మిషన్ గురించి ఎవడడిగాడు బాబూ? షాంపేన్ ప్రాంతంలో మిషన్ కోత రూల్ ప్రకారమే నిషేధం, అక్కడ పెద్ద పెద్ద కంపెనీలు కూడా చేత్తోనే కోయిస్తాయి. బర్గండీలోనే షబ్లీ అనే చోట చాలా కుటుంబాలు మిషన్ తోనే కోస్తాయి. ఇప్పుడు చెప్పు, కుటుంబానికీ కత్తెరకీ సంబంధం ఏంటో.

ఉప్పుచేప: నేను కల్లు దాటలేదు, మీరు కానివ్వండి 🍿

పీపా: గ్రాన్ క్రూ తోటల్లో, అంటే అన్నిటికంటే పై గ్రేడు వాటిల్లో, ఎక్కువగా చేత్తోనే కోస్తారు, అది వదిలేశావ్. అయినా అమ్ముకునేవాళ్ళకి మట్టి అంతా ఒకటేలే.

గోదారోడు: ఏంటా మాట? అక్కడ చట్టం తెలుసా నీకు? నెపోలియన్ కాలం నుంచీ పిల్లలందరికీ వాటా ఇవ్వాల్సిందే, ఒక్కడికే రాసేస్తానంటే కుదరదు. బర్గండీలోనే క్లో ద వూజో తోట చూడు, ఒకప్పుడు మఠం సన్యాసులది, ఒకే గోడ లోపల సుమారు 50 హెక్టార్లు, ఇప్పుడు ఎనభై మంది దాకా ఓనర్లు, కొందరికి నాలుగు వరసలే. పైన వారసత్వ పన్ను 45 శాతం దాకా ఉంది. తోటలో ఉండి చేసేవాడు అక్కచెల్లెళ్ళ వాటా కొనాలంటే భూమి రేటు ఆకాశంలో, సీసాలమ్మితే ఎన్ని తరాలకి తీరుద్ది? ప్రేమ లేక అమ్ముతున్నారా వాళ్ళు?

మిరపతోట: పన్నులో మినహాయింపులు కూడా ఉన్నాయండి, వ్యాపారం కొన్నేళ్ళు అమ్మకుండా నడిపితే. కొందరు తోటని కంపెనీలా పెట్టి షేర్లు పంచుకుంటారు, గట్లు వేసుకోకుండా.

పీపా: షేర్లు పంచితే సిటీలో కూర్చున్నోడికి కూడా డబ్బులే కావాలిగా. మా ముగ్గురు బాబాయిలూ ఒక్కరోజు నారు వెయ్యలేదు, రేటు పెరగ్గానే కార్లేసుకొని వచ్చారు. నాన్న ముప్పై ఏళ్ళు చేసిన పొలం. వాళ్ళకివ్వడానికి రెండెకరాలు అమ్మాడు. ఆ దోవన పోవడం మానేశాడు. చెమటోడ్చినోడికి ఎక్కువ రావాలా వద్దా, అది చెప్పు ముందు.

గోదారోడు: పుట్టినందుకు వచ్చే వాటా అది, చేసినందుకు కూలి కాదు. నేను ఊరొదిలింది సరదాకి కాదు, ఉన్న పొలం ఇద్దరికి తిండి పెట్టదని నాన్నే పంపించాడు.

ఉప్పుచేప: ఇంతకీ ఆ సీసా రేటెంత?

పీపా: ఉండు. గోదారీ, నీ వాటా తీసుకున్నావా?

గోదారోడు: తీసుకున్నా. అన్నయ్య అమ్మిచ్చాడు.

పీపా: ఎంత?

గోదారోడు: ఎకరం ముప్పై సెంట్లు. కాలవ పక్కది.