‘నమ్మాను’ అంటే చాలదా, ‘నమ్ముకున్నాను’ ఎందుకు?

గ్రూపులో పెద్దలకి నమస్కారం. చిన్న సందేహం. మా ఆఫీసులో ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు. లంచ్‌లో మాటల మధ్య ‘మేం మా ముత్తాత కాలంలోనే నమ్ముకున్నామండీ’ అన్నారు. ఎవర్ని అని అడగబోయి ఆగాను. క్రైస్తవులయ్యామని చెప్తున్నారని కాసేపటికి గానీ వెలగలేదు. కర్మపదం లేకుండానే వాక్యం పూర్తయిపోయింది చూడండి! ‘నమ్మాం’ అంటే సరిపోదా, ఈ ‘కొను’ ఏం చేస్తోంది ఇక్కడ? ఇంకోటి, తెలుగు బైబిల్లో ఒకచోట ‘నమ్ముట’, ఇంకోచోట ‘విశ్వాసముంచుట’ కనిపిస్తున్నాయి. రెండూ ఒకటేనా?

—

వ్యాకరణం వరకు నేను చెప్తాను, మిగతాది తెలిసినవాళ్ళు చెప్పాలి. ‘కొను’ చేరితే పని ఫలితం చేసినవాడి వైపు తిరుగుతుంది. వండాడు, వండుకున్నాడు. ఇది అందరికీ తెలిసిందే. కానీ ‘నమ్ము’ పక్కన చేరినప్పుడు అర్థం ఇంకొంచెం దూరం పోతుంది. ‘వాన రాదని టీవీలో చెప్తే నమ్మాను, గొడుగు తీసుకెళ్ళలేదు’ అంటాం. ఇక్కడ నమ్మింది ఒక మాటని. ‘వానని నమ్ముకుని విత్తనం వేశాం’ అన్నప్పుడు నమ్ముకున్నది మాటని కాదు, వానని. అది రాకపోతే ఆ ఏడు తిండి లేదు. భూమిని నమ్ముకున్నాడు, ఇద్దరు కొడుకుల్ని నమ్ముకుంది, చేతిపనిని నమ్ముకున్నారు, ఇలా ఎక్కడ చూసినా మనిషి తన బరువంతా దేనిమీదో ఆన్చిన చోటే ఈ రూపం వస్తుంది. ‘నమ్మినవాణ్ని ముంచాడు’ అని కూడా అంటాం కాబట్టి గీత గీసినట్టు వేరు చేయలేం, కానీ వాడుక మొగ్గు మాత్రం స్పష్టంగా ఉంది.

—

మాస్టారు భలే చెప్పారు. మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు కుటుంబం, కాబట్టి ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. మా నాయనమ్మ ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికొస్తే ‘నమ్ముకున్నోళ్ళేనా?’ అని అడిగేది, ‘అన్నం తిన్నారా’ అన్నంత మామూలుగా. దానికి జవాబు ఒక సంవత్సరం రూపంలోనో తరం రూపంలోనో వచ్చేది. మా తాత నాడు, పెద్ద కరువప్పుడు, పెళ్ళయిన ఏడు. అంటే ‘నమ్ముకోవడం’ మా వైపు తేదీ ఉన్న మాట. నమ్ముకున్నాక ఏమైంది అనేదానికి మాత్రం ఇలా ఒక్క మాట లేదు, ఎదుగుతున్నాం, బలపడుతున్నాం, వెనకబడ్డాం, మళ్ళీ నిలబడ్డాం అని చాలా ఉన్నాయి, వాటికి తేదీలుండవు.

అసలు నాకు బైబిల్లో బాగా ఇష్టమైన తెలుగు మాట ‘విశ్వాసం’ కాదు, ‘అంతకంతకు’. రోమా పత్రిక మొదటి అధ్యాయం 17వ వచనంలో ‘విశ్వాసమూలముగా అంతకంతకు విశ్వాసము కలుగునట్లు’ అని ఉంటుంది. గ్రీకులో ఉన్నది మూడు నాలుగు మాటలే, మక్కీకి మక్కీ చెప్తే ‘విశ్వాసంలోంచి విశ్వాసంలోకి’ అని. అలాగే వదిలేస్తే మనకి ఏమీ అర్థం కాదు, ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళినట్టుంటుంది. దాన్ని ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. మన అనువాదకులు అక్కడ ‘అంతకంతకు’ వేశారు. జ్వరం అంతకంతకు పెరిగింది, నీళ్ళు అంతకంతకు లోతయ్యాయి అంటామే, ఆ మాట. ఒకేసారి వచ్చి పడేది కాదు, నిన్నటి దానిమీద ఇవాళ్టిది అన్నమాట. వాళ్ళు సరిగ్గానే అర్థం చేసుకున్నారా అనేది వేరే చర్చ, తెలుగు మాత్రం అదిరింది.

—

అక్కా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ‘పెద్ద కరువప్పుడు నమ్ముకున్నాం’ అంటే గంజి కోసం నమ్ముకున్నట్టే కదా? దానికి ‘బరువు ఆన్చడం’ అని పెద్ద అర్థాలు ఎందుకు?

—

కోపమేం లేదు తమ్ముడూ, ఇది చిన్నప్పటి నుంచి వింటున్న ప్రశ్నే. ముందు జరిగింది చెప్తా. 1876-78 కరువులో ఒంగోలు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పోయాక మళ్ళీ మొదలుపెడితే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దానికంటే ముందు కథ ఇంకోటి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్తుడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. బాప్తిస్మం తీసుకున్నది 1866లో, అంటే ఆ కరువుకి పదేళ్ళ ముందు. క్రీస్తు పేరు వినకముందే ఆయన ఒక యోగమార్గంలో ఉపదేశం పొంది సాధన చేసిన మనిషి, దేవుడు ఒక్కడే, విగ్రహంలో లేడు అన్న చోటికి అప్పటికే వచ్చేశాడు. వ్యాపారం పని మీద ఉత్తరం వైపు వెళ్ళినప్పుడు అక్కడ క్రీస్తు గురించి విన్నాడు. విని ఊరికొచ్చి తన వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు చెప్పు, ఆయన విశ్వాసం ఎప్పుడు మొదలైనట్టు? బాప్తిస్మం రోజా, విన్న రోజా, గురువు దగ్గర కూర్చున్న రోజా? మా వాళ్ళు 1866 అంటారు, ఎందుకంటే నమ్ముకోవడానికి తేదీ కావాలి. నాకైతే అప్పటికే మొలక వచ్చిందనిపిస్తుంది.

ఇక గంజి సంగతి. క్లౌ ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా, తిండీ గౌరవమూ రెండూ దొరికే చోటు అనిపించే వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు, మా ముత్తాతే అయ్యుండొచ్చు కూడా. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి, తనని మనిషిగా చూసిన చోటికి రాడా? అందులో నాకేం సిగ్గు లేదు. పెళ్ళి కూడా చాలామంది కట్నం చూసో ఉద్యోగం చూసో చేసుకుంటారు, నలభై ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరి మధ్య ఉన్నది కట్నమా? ఎలా మొదలైందన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు ఎంత లోతుందన్నది ఇంకో ప్రశ్న. అందుకే నాకు ‘అంతకంతకు’ అనే మాట కావాలి.

—

మొలక అన్నారు కాబట్టి మార్కు 4:28 గుర్తొచ్చింది. ‘భూమి మొదట మొలకను తరువాత వెన్నును అటుతరువాత వెన్నులో ముదురు గింజలను తనంతట తానే పుట్టించును.’ ఈ ‘తనంతట తానే’కి గ్రీకులో ఉన్న మాట ‘అవ్తొమాతె’, మనం రోజూ వాడే ‘ఆటోమేటిక్’ పుట్టింది ఆ కుటుంబంలోంచే. అనువాదం ఇప్పుడు చేసి ఉంటే ‘ఆటోమేటిగ్గా’ అని రాసేసేవాళ్ళేమో :) విత్తినవాడు రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు, అది ఎలా పెరుగుతోందో అతనికి తెలీదు అని ముందు వచనంలో ఉంటుంది. వరి వేసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

‘నమ్ముట’, ‘విశ్వాసముంచుట’ ఒకటేనా అన్నదానికి జవాబు: గ్రీకులో నామవాచకం ‘పిస్తిస్’, క్రియ ‘పిస్తెవో’, ఒకే ధాతువు. తెలుగులో నామవాచకం ఎక్కువగా సంస్కృతం వైపు పోయింది, క్రియ రెండు వైపులా తిరుగుతుంది. తమాషా ఏంటంటే యోహాను సువార్తలో ఆ క్రియ దాదాపు వందసార్లు వస్తుంది, నామవాచకం ఒక్కసారీ రాదు. ఆయన దృష్టిలో అది మన దగ్గర ఉండే వస్తువు కాదు, చేసే పని. 3:16లో మనవాళ్ళు దాన్ని ‘ఆయనయందు విశ్వాసముంచు’ అన్నారు. ఇక్కడ ‘ఉంచు’ చూడండి, పోస్టాఫీసులో డబ్బు ఉంచినట్టు. మాస్టారు చెప్పిన ‘కొను’ చేసే పనే ఇంకోదారిలో చేస్తోంది.

—

‘విశ్వాసం’ అనగానే మనకి కుక్క గుర్తొస్తుంది, అది ఎవరూ చెప్పలేదేంటి? ఉప్పు తిన్న విశ్వాసం, విశ్వాసం లేని వెధవ. ఊళ్ళో ఆ మాటకి అర్థం నమ్మడం కాదు, నమ్మకంగా ఉండటం.

—

జోక్‌గా అన్నా పాయింటే అది. గ్రీకు ‘పిస్తిస్’కి కూడా ఆ రెండు అర్థాలూ ఉన్నాయి. గలతీయులకు రాసిన పత్రిక 5:22లో ఆత్మఫలాల లిస్టులో మంచితనం, సాత్వికం మధ్య ‘విశ్వాసము’ ఉంటుంది, అక్కడ మీ కుక్క అర్థమే బాగా కుదురుతుంది. సంస్కృతంలో చూస్తే వి + శ్వస్, ఊపిరి ధాతువు. భయం లేకుండా ఊపిరి పీల్చుకోవడం. ‘పీల్చుకోవడం’లో మళ్ళీ ‘కొను’ వచ్చింది చూశారా.

నాకు మాత్రం వ్యాకరణానికి లొంగని ఒక వాక్యం ఉంది. మార్కు 9:24లో జబ్బు పిల్లాడి తండ్రి అంటాడు, ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని. నమ్ముతున్నాడా లేదా? రెండూ ఒకే నోట్లోంచి వస్తున్నాయి. అక్కడ ‘నమ్ముకున్నాను’ అని ఉంటే తండ్రి పని అయిపోయినట్టుండేది. ‘చున్నాను’ అని ఉండబట్టి ఇంకా తడబడుతున్నట్టే వినపడుతుంది. సగం నమ్మకంతో అడిగినా పిల్లాడికి నయమైంది, ముందు నీ నమ్మకం పూర్తి చేసుకుని రా అని వెనక్కి పంపలేదు.

—

తెలుగు బైబిల్లో వచ్చే ‘మారుమనస్సు’ గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్. నాకు మారువేషంలా వినిపిస్తుంది, అనువాదం ఫెయిలైందనుకుంటా.

—

మారువేషమే ఎందుకు, మారు వడ్డించడం లేదా? ఇంకోసారి, ఇంకొకటి అని అర్థం. గ్రీకు ‘మెతనోయా’కి పశ్చాత్తాపం అనేస్తే ఏడుపు ఒక్కటే మిగిలేది, ఇందులో మనసు మారడం కూడా ఉంది. నాకు బాగానే ఉంది.

—

మాది మెదక్ దిక్కు. మా కాడ ‘దేవుని నమ్ముకున్నరు’ అంటరు, ‘దేవుని’ అనే మాట తీసెయ్యరు. ఒంగోలోళ్ళు అది గూడ తీసేసిన్రంటే మస్తు పాతవడ్డ మాట అయ్యుంటది. గోదావరి దిక్కు ఏమంటరో ఎవరన్న చెప్పాలె.

—

ధన్యవాదాలు అందరికీ, ఇంత వస్తుందనుకోలేదు. సోమవారం ఆవిడని ‘ఏ సంవత్సరం అండీ?’ అని అడుగుతాను. పేరయ్య గురించి చెప్పిన అక్కగారూ, ఆయన వెళ్ళింది ఏలూరు వైపేనా?