ఎలుకల్లో ఎంసీఏఓ (మెదడు ధమని మూసి స్ట్రోక్ తెప్పించడం): ఒకే గ్రూపులో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక చచ్చిన భాగం) సైజులు ఇంత తేడాగా ఎందుకొస్తున్నాయి?

రీసెర్చ్_స్కాలర్:
నమస్తే అండి. మగ విస్టార్ ఎలుకలు, 250–280 గ్రాములు. సిలికాన్ పూసిన ఫిలమెంట్‌తో ఎంసీఏ (మెదడు మధ్య ధమని) 90 నిమిషాలు మూసి, 24 గంటలకి టీటీసీ (బతికున్న భాగాన్ని ఎర్రగా మార్చే రంగు, చచ్చింది తెల్లగా మిగులుతుంది) వేస్తున్నాం. మందివ్వని గ్రూపులోనే కొన్నిటికి సగం అర్ధగోళం తెల్లబడుతోంది, కొన్నిటికి మచ్చే లేదు. లేజర్ డాప్లర్ (రక్త ప్రవాహం కొలిచే పరికరం) వాడట్లేదు, ఫిలమెంట్‌ని 18 మి.మీ. గుర్తు దాకా తోస్తున్నాం. మేం పరీక్షిస్తున్న మందుని గుండె మీద కూడా చూడాలి.

న్యూరో_బెంచ్:
గుర్తొక్కటే నమ్ముకుంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఎలుక బరువుని బట్టి ఆ దూరం మారుతుంది. మచ్చ లేని వాటిలో ఫిలమెంట్ చాలావరకు టెరిగోపాలటైన్ ధమనిలోకి (దారిలో చీలే పక్క కొమ్మ) దూరి ఉంటుంది. అలా దూరితే గుర్తుకి చాలా ముందే ఆగిపోతుంది. బలంగా తోయకండి, కాస్త వెనక్కి లాగి లోపలి వైపు తిప్పి మళ్ళీ పోనివ్వండి. ఎక్కువ తోస్తే నాళం చిల్లుపడి మెదడు అడుగున రక్తం గడ్డకడుతుంది. అలాంటివి లెక్కలోంచి తీసేయాలి.

డాప్లర్ ఎలాగైనా సంపాదించండి. బ్రెగ్మాకి (పుర్రె పైన ఎముకల అతుకులు కలిసే చోటు) 1–2 మి.మీ. వెనక, 5 మి.మీ. పక్కకి ఎముక పలచబరిచి ప్రోబ్ పెట్టాలి. ఫ్లో బేస్‌లైన్‌లో 30 శాతం కంటే కిందికి పడకపోతే ఆ ఎలుక పనికిరాదు. ఈ నియమం ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక కాదు.

వేడి_మత్తు:
పైదానికి తోడు టెంపరేచర్. మలద్వారంలో 37 చూపించినా మెదడు చల్లబడి ఉండొచ్చు, టెంపొరాలిస్ (కణత) కండరంలో ప్రోబ్ పెడితే నయం. మెదడు 33–34 డిగ్రీలకి దిగితే చాలు, దెబ్బ బాగా తగ్గిపోతుంది, ఆ ఘనత మీ మందు ఖాతాలో పడుతుంది. ఐసోఫ్లురేన్ అనే మత్తుమందు కూడా మెదడుని కొంత కాపాడుతుంది, కాబట్టి మత్తు నిమిషాలు రెండు గ్రూపులకీ సమానంగా ఉండాలి. ముక్కలు 2 మి.మీ. మందం, 2 శాతం టీటీసీ, 37 డిగ్రీలు, చీకట్లో 20–30 నిమిషాలు. వాపు వల్ల తెల్ల భాగం పెద్దగా కనబడుతుంది. అందుకే దాన్ని నేరుగా కొలవకుండా, అవతలి అర్ధగోళం వాల్యూమ్‌లోంచి ఇవతల ఎర్రగా మిగిలినదాన్ని తీసేయండి.

రీసెర్చ్_స్కాలర్:
థాంక్సండి. గుండెలో ఎల్ఏడీకి (గుండె ముందువైపు ధమని) ముడి సరిగ్గా బిగుస్తోందో లేదో రెండుమూడు సార్లు లాగి చూడొచ్చా?

కార్డియో_కుట్టు:
అస్సలొద్దు. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్కల గుండెలో 5 నిమిషాల చొప్పున 4 సార్లు రక్తం ఆపి వదిలారు. తర్వాత 40 నిమిషాలు మూసినా ఇన్‌ఫార్క్ట్ కంట్రోల్‌లో పావు వంతే వచ్చింది. పరీక్ష పేరుతో ముడి లాగుతూ వదులుతూ ఉంటే మీరూ దాదాపు ఆ పనే చేసినట్టు. ఒక్కసారే బిగించండి, ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచి, కింది కండరం పాలిపోతే సరిపోయింది.

30 నిమిషాలు మూసి, కనీసం 2 గంటలు రక్తం వదలండి. తొందరపడితే చచ్చిన కణాల్లోంచి ఎంజైములు, కోఫ్యాక్టర్లు (ఎంజైములకి తోడ్పడే అణువులు) పూర్తిగా కొట్టుకుపోవు, ఆ కణాలూ టీటీసీలో ఎర్రబడి మోసం చేస్తాయి. చివర్లో అదే ముడి మళ్ళీ బిగించి ఎవాన్స్ బ్లూ అనే నీలి రంగు ఎక్కించండి. నీలం ఎక్కని భాగమే ఏరియా ఎట్ రిస్క్ (రక్తం ఆగి ముప్పులో పడ్డ భాగం), ఇన్‌ఫార్క్ట్‌ని దాంతోనే భాగించాలి, మొత్తం గుండెతో కాదు. ఇంకోటి, ఎలుకలకి బదులు గినీ పందులు తీసుకోకండి. వాటి గుండెలో కొలాటరల్స్ (పక్కదారి రక్తనాళాలు) ఎంత ఎక్కువంటే, ధమని కట్టేసినా ఇన్‌ఫార్క్ట్ దాదాపు రాదు.