విశ్వాస విధేయత: ఇది ఏ సమాసం?

మొన్న ఆదివారం సాయంత్రం బ్రాడీపేటలో మా ఇంటికి ట్యూషనుకు వచ్చే పదో తరగతి కుర్రాడు సమాసాల పాఠం మధ్యలో నన్ను ఆపి, "మాస్టారూ, విశ్వాస విధేయత ఏ సమాసం?" అని అడిగాడు. ఈ మాట నీకెక్కడ తగిలిందిరా అంటే జేబులోంచి ఉపవాస కూటాల కరపత్రం తీశాడు. నాలుగు మడతలు పడ్డ గులాబీ రంగు కాగితం. పైన లావుపాటి అక్షరాల్లో అదే మాట, దాని కింద రోమా 1:5 అని బైబిలు వచనం అంకె, అట్టడుగున షామియానా వాళ్ల ప్రకటన.

నువ్వేమనుకుంటున్నావని అడిగాను. "ద్వంద్వం. విశ్వాసమూ, విధేయతా" అన్నాడు తడుముకోకుండా. ద్వంద్వమైతే తల్లిదండ్రులు, అన్నదమ్ములు అన్నట్టు చివర బహువచనం రావాలి కదా, విశ్వాస విధేయతలు అని ఉండాలి కదా అన్నాను. తల గోక్కున్నాడు.

నేను క్రైస్తవుణ్ణి కాను. కానీ మిషన్ బడిలో చదువుకున్నాను, పొద్దుటి ప్రార్థనలో వాక్యాలు కంఠతా పెట్టాను. పాత బైబిలు ఇప్పటికీ ఇంట్లో ఉంది. తీసి చూస్తే అక్కడ సమాసమే లేదు, "విశ్వాసమునకు విధేయులగునట్లు" అని ఉంది. కరపత్రం వేసినవారు దాన్ని కుదించారు. చిత్రమేమిటంటే రోమా సంఘానికి ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు గ్రీకుకు ఈ కుదింపే దగ్గర. అక్కడున్నవి రెండు నామవాచకాలు: విధేయతకు హుపకొయె, విశ్వాసానికి పిస్తిస్. రెండోది షష్ఠీ విభక్తిలో ఉంది, అంతే. ఆ రెంటికీ సంబంధమేమిటో ఆయన విప్పి చెప్పలేదు. విప్పడం మన వంతు.

విశ్వాసమునకు విధేయత అంటే మన బడి వ్యాకరణంలో షష్ఠీ తత్పురుష. విశ్వాసం అంటే ఇక్కడ సువార్త, బోధ, దానికి లోబడటం. పాత తెలుగు అనువాదం పట్టింది ఈ దారే. విశ్వాసము వలన విధేయత అంటే పంచమీ తత్పురుష. నమ్మకం ముందు, నడవడి దాని వెంట. ఇక విశ్వాసమనెడు విధేయత అని కూడా విప్పవచ్చు: నమ్మడమే దేవుడు అడిగిన మొదటి విధేయత. (అది రూపకమా, సంభావనా పూర్వపద కర్మధారయమా అని ఇక్కడ తగవు పెట్టకండి, దానికి వేరే రోజు పెట్టుకుందాం.) బైబిలు పండితులు ఈ మూడు దారుల్లోనూ వెళ్లినవారే. ద్వంద్వం మాత్రం ఆ వాక్యంలో కుదరదు. అయినా నేను ఇన్నేళ్లుగా విన్న వాదాల్లో చాలా వాటికి మూలం దీన్ని ద్వంద్వంగా చదవడమే అనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి, రక్షణకు, అంటే పాపం నుంచి విడుదలకు, నమ్మకం ఎంత పాలు, మాట వినడం ఎంత పాలు అని తక్కెడ తీస్తారు.

మాట వినడం అన్నాను చూడండి. నేను ఈ చర్చ మొదలుపెట్టింది నిజానికి దాని కోసమే. హుపకొయె అన్న మాటలో ఉన్నది వినడం అనే ధాతువు. హీబ్రూలో షమా అంటే వినడమూ, విని నడుచుకోవడమూ. విధేయత అన్న సంస్కృత పదంలో చెవి ఎక్కడా లేదు. తెలుగులో ఉంది. "పాలు తెమ్మన్నాను, విన్నావా?" "విన్నాను." "వింటే ఇంకా కూర్చున్నావేమి?" ఈ సంభాషణ జరగని ఇల్లు కృష్ణకు ఈవల గాని ఆవల గాని లేదు. కుర్చీలోంచి లేవనివాడు విన్నాడు, కానీ మాట వినలేదు. సమూయేలు మొదటి గ్రంథం 15:22లో మన అనువాదకులు "మాట వినుటయు శ్రేష్ఠము" అని రాసినప్పుడు మూలంలో ఉన్నదంతా ఒక్క అక్షరం ఒలకకుండా తెలుగులోకి వచ్చింది. రోమా 10:17లో "వినుట వలన విశ్వాసము కలుగును" అంటారు. వినడంలోంచి నమ్మకం, నమ్మకంలోంచి మళ్లీ వినడం. ఇందులో తక్కెడ ఎక్కడ పెడతారు?

విశ్వాసం సంగతీ అంతే. సంఘంలో ఆ మాటకు నమ్మకం అని అర్థం. వీధిలోకి వస్తే కుక్కకు విశ్వాసం, ఉప్పు తిన్న విశ్వాసం. అక్కడ అది తలలో ఉండే అభిప్రాయం కాదు, నడతలో కనిపించే కట్టుబాటు. పిస్తిస్ అన్న గ్రీకు పదానికి కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. యోహాను 3:36లో విశ్వాసముంచువాడికి ఎదురుగా నిలబెట్టింది నమ్మనివాణ్ణి కాదు, "విధేయుడు కానివాడు" అన్నవాణ్ణి. మన ఉప్పు సామెత తెలిసినవాడికి ఆ వాక్యంలో వింతేమీ కనబడదు.

మీ మాట చెప్పండి. (సభ్యులు రాసినవీ, నా జవాబులూ ఈ కిందనే.)

గుంటూరు సభ్యురాలు:
మాస్టారూ, నమస్కారం. మాది లూథరన్ కుటుంబం. 1842లో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పని నుంచి వచ్చినవాళ్లం. మీరు ఏకారాన్ని వదిలేశారు! రోమా 3:28 చూడండి, మనిషి నీతిమంతుడుగా తీర్చబడేది "విశ్వాసమువలననే". గ్రీకులో అక్కడ "మాత్రమే" అన్న పదం లేదు. 1522 నాటి జర్మన్ కొత్త నిబంధనలో, మా సంఘాలకు పేరిచ్చిన మార్టిన్ లూథర్ గారు ఆ పదం చేరిస్తే పెద్ద గొడవైంది, 1530లో ఆయన దాని మీద ఒక లేఖే రాయవలసి వచ్చింది. మన వాళ్లకు వేరే పదం చేర్చే పనే పడలేదు, చివర ఒక్క ఏత్వంతో సరిపెట్టారు. ఎఫెసీ 2:8లోనూ అంతే, "కృపచేతనే". అటు యాకోబు 2:24లో "విశ్వాసమూలమున మాత్రము కాక" అని, క్రియల వల్ల కూడా అని ఉంటుంది. మా నాన్నగారు ఆ రోమా వాక్యానికీ ఈ యాకోబు వాక్యానికీ పెన్సిలుతో గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. దాన్ని చెరపకుండానే వెళ్లిపోయారు. నా ఓటు పంచమికే. చెట్టు వలన పండు. పండ్లు కట్టి చెట్టును బతికించలేం.

విజయవాడ సభ్యుడు:
మాస్టారు గారూ, మాది గుణదల, కథోలికులం. అమ్మగారు చెప్పిన ఏకారం బాగుంది గాని ఏకారం పడ్డ చోటు ఇంకొకటి ఉంది. గలతీ 5:6లో "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే". ఏకారం విశ్వాసానికే తగిలింది, కానీ ఎలాంటి విశ్వాసానికి? ముందున్న విశేషణం తీసేసి చదివితే ఎలా? 1547లో మా కథోలిక సంఘం ట్రెంట్ మహాసభ పట్టుబట్టింది ఇలాంటి చోటనే. తర్వాత 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మా వాళ్లూ లూథరన్ ప్రపంచ సమాఖ్య వాళ్లూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన పుణ్యాన్ని బట్టి కాదు, కృప వల్లనే దేవుడు చేర్చుకుంటాడని, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పిలుస్తుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. తేడాలన్నీ పోలేదు, కానీ గుంటూరుకూ గుణదలకూ దూరం కొంత తగ్గింది.

నా అభ్యంతరం మీ ఉప్పు మీద. ఉప్పు తిన్నవాడు అంటే కొలువులో ఉన్నవాడు, జీతగాడు. దేవుడికీ మనిషికీ మధ్య జీతం బేరం తెచ్చారే?

నా జవాబు:
బాబూ, మంచి చోట పట్టుకున్నారు. రోమా 4:4 కూడా మీ పక్షమే: "పనిచేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." అయితే సామెతలో వరస చూడండి. ఉప్పు తినడం ముందు, విశ్వాసం తర్వాత. విశ్వాసం చూపించి ఉప్పు సంపాదించుకున్నాడని తెలుగులో ఎవరూ అనరు. మాట విననివాణ్ణి మనం పని ఎగ్గొట్టాడని తిట్టం, తిన్న ఇంటికి ద్రోహం చేశాడని తిడతాం. ఆ తిట్లో బాకీ లేదు, బంధం ఉంది. అయినా మీరన్న వాసన ఆ మాటకు కొంత ఉన్న మాట నిజమే. గుణదల మేరీమాత కొండ మీద కొబ్బరికాయ కొట్టేవారిలో, తలనీలాలు ఇచ్చేవారిలో అడగడానికి వచ్చిందెవరో, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిందెవరో మీకే బాగా తెలియాలి.

అమ్మా, మీరు ఏత్వం చూపించారు కాబట్టి నేనొక క్రియ చూపిస్తాను. ఫిలిప్పీ 2:12. "మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి." అదే వాక్యంలో అంతకుముందు "విధేయులై" అని ఉంది. మూలంలోని క్రియకు పనిచేసి నెరవేర్చుకోవడం అనే అర్థం ఉంది. మన అనువాదకులు సంపాదించుకొనుడి అని రాసి ఉంటే తెలుగు సంఘాల్లో ప్రసంగాలు ఎటు పోయేవో! కొనసాగించడం అంటే అప్పటికే మొదలైనదాన్ని ఆగకుండా నడపడం. ఆ ఒక్క క్రియలో వారి సిద్ధాంతం ఏమిటో తెలిసిపోతోంది, పైగా 13వ వచనం వారి పక్షానే ఉంది: మీలో కార్యసిద్ధి కలుగజేసేది దేవుడే అంటుంది. రక్షణ పొందారా అని భూతకాలంలో అడిగే మన వీధి సువార్తికులకు ఈ క్రియ కొంచెం ఇబ్బందే.

మరొక సభ్యుడు:
మాస్టారూ, మరి "నమ్మిన బంటు" మాటేమిటి? ఎవరు ఎవరిని నమ్మారు?

నా జవాబు:
అదే దాని అందం నాయనా. యజమానిని నమ్మిన బంటు, యజమాని నమ్మిన బంటు, రెండూ అవుతాయి. మన ధాతుజ విశేషణం కర్త ఎవరో చెప్పదు. హనుమంతుణ్ణి ఆ మాట అన్నప్పుడు ఎవరికైనా సందేహం వచ్చిందా? పైగా చివరి పదం బంటు. పని చేయని బంటును ఊహించుకోవడం కష్టం.

కుర్రాడి సంగతి అడిగినవారికి: నిన్న మళ్లీ వచ్చాడు. మూడు విగ్రహవాక్యాలూ నోటు పుస్తకంలో రాసుకుని, "పరీక్షలో ఇస్తే ఏది రాయను మాస్టారూ?" అన్నాడు. షష్ఠీ రాయి, మార్కు పడుతుంది అన్నాను. "మరి మిగతా రెండు?" అన్నాడు. మీ సంఘం అయ్యగారిని అడగమని చెప్పి పంపాను.