ఇన్‌స్టాలేషన్ పూర్తయినా బూట్ కాని పాత ల్యాప్‌టాప్

2013 నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కు 2025 అక్టోబరులో మద్దతు ఆగిపోవడంతో డిస్క్ మొత్తం చెరిపి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. పెన్‌డ్రైవ్ నుంచి చక్కగా నడుస్తోంది, ఇన్‌స్టాలేషనూ ఏ పేచీ లేకుండా ముగుస్తోంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మాత్రం నల్ల తెర మీద 'బూట్ డివైస్ దొరకలేదు' అన్న ఒక్క వాక్యం.

సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని రక్షణ) ఆపేశాను. డిస్క్ జీపీటీ అనే కొత్త తరహా విభజన పద్ధతిలోనే ఉంది, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ విభాగం 512 ఎంబీ. లెగసీ మోడ్‌లో (పాత తరహా బూట్ పద్ధతి) మళ్లీ ఎక్కించినా అదే వరస. డిస్క్ పరీక్షలో లోపమేమీ తేలలేదు. విచిత్రమేమిటంటే, లైవ్ సెషన్‌లో (పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడు) బూట్ ఎంట్రీల జాబితా చూపే ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ (efibootmgr) కమాండ్ ఇస్తే 'ఉబుంటు' ఎంట్రీ (మింట్ ఆ పేరుతోనే నమోదవుతుంది) కనిపిస్తుంది. రీస్టార్ట్ కాగానే మాయం. గడియారం సరిగ్గానే ఉంది కాబట్టి బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) బ్యాటరీ మీద అనుమానం లేదు.

బయోస్ ఆ ఎంట్రీని మరిచిపోయినా బూట్ అయ్యేలా గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైలును ఈఎఫ్ఐ విభాగంలో ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో పెట్టాలి?