ఐదుగురం, 24 వేల జీతం, నెలాఖరుకు పైసలు మిగలట్లేదు. ఎక్కడ తగ్గించాలి?

నల్లగొండ కోడలు
మాది నల్లగొండ టౌన్. మా ఆయన షోరూంలో చేస్తారు, జీతం 24 వేలు. నేను ఇంట్లో మిషన్ కుడతాను కానీ బతుకమ్మ, పెళ్లిళ్ల సీజన్ తప్ప పెద్దగా రాదు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. కిరాయి 5 వేలు, స్కూల్ ఫీజు వ్యాన్ కలిపి 4 వేలు, ఆడపడుచు పెళ్లికి తెచ్చిన 2 లక్షలకు మిత్తి 4 వేలు, ఇక పాలు, కిరాణం, కూరగాయలు, గ్యాస్, అత్తమ్మ బీపీ షుగర్ గోళీలు, వాటర్ క్యాన్లు. రేషన్ కార్డు ఉంది. ఇరవయ్యో తారీఖు దాటిందంటే టెన్షన్ మొదలు. కొత్తిమీర దగ్గర కూడా బేరమాడుతున్నాను, బయట తిండి బంద్ చేశాం. ఇంకా దేంట్లో తగ్గించుకోవచ్చో చెప్పండి.

పాలమూరు పటేల్
అక్కా, కొత్తిమీర వదిలెయ్యండి. మీరు మధ్యలో ఒక్క మాటగా రాసి పోయిన ఆ 4 వేల మిత్తి చూడండి ముందు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. సంవత్సరానికి 48 వేలు, నాలుగేళ్లు కడితే 1,92,000, అంటే దాదాపు తెచ్చినంత మిత్తికే పోతుంది, అసలు మాత్రం అట్లనే కూర్చుంటుంది. ఇంట్లో మూడు తులాల బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చేయండి. బ్యాంకు మిత్తి ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఉంటుంది, అంటే నెలకు 1,700 లోపు. తగ్గింది కదా అని ఆ మిగులు ఖర్చు పెట్టుకోవద్దు, ఇప్పుడు కడుతున్న 4 వేలే నెలనెలా బ్యాంకులో కడుతూ పోతే ఐదున్నరేళ్లకు అసలు, మిత్తి రెండూ తీరిపోతాయి. బంగారం లేదంటే మహిళా సంఘంలో చేరి ఉన్నారా? టౌన్‌లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద సంఘాలుంటాయి, వాటికి బ్యాంకు ఇచ్చే లోన్ మిత్తి కూడా బయట మిత్తిలో సగం ఉండదు.

కూరగాయల్లో ఎంత పీడించినా నెలకు మూడు నాలుగు వందలకు మించి రాదు, పిల్లలకు కూర తగ్గడం ఒక్కటే మిగులుతుంది.

మీటర్ రీడింగ్
పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను సర్కారు నుంచి రావాల్సినవి చెబుతా, కార్డుండి కూడా చాలామంది వాడుకోవట్లేదు.

గృహజ్యోతి, అంటే నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు జీరో అయ్యే పథకం, కిరాయికి ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది, మీ మీటర్ నంబర్ కార్డుకు లింక్ అయిందా చూసుకోండి. అయితే 200 యూనిట్లు దాటితే దాటినంత వరకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అందుకే ఎండాకాలంలో కూలర్ పెట్టగానే చాలా ఇళ్లలో బిల్లు పడుతుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్ల దాకా కాలుస్తుంది, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లే కాబట్టి 14 లోపే. మీకు ఎప్పుడూ 200 దాటకపోతే మాత్రం ఆ ఫ్యాన్ కొనకండి, జీరో బిల్లులో యూనిట్లు మిగిల్చినా మీ చేతికేం రాదు.

మహాలక్ష్మి పథకంలో గ్యాస్ 500కే కాబట్టి, సిలిండర్‌కు ముందు పూర్తి డబ్బులు కట్టినా, 500 పోను మిగతాది ఖాతాలో పడాలి. పడుతోందా? పాస్‌బుక్ ఎంట్రీ చేయించి చూడండి. మనిషికి 6 కిలోల చొప్పున మీకు 30 కిలోల సన్నబియ్యం వస్తాయి, 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టింది ఇదే, అవి తింటే పైన కొనేది తక్కువే. అత్తమ్మ గోళీలు సర్కారు దవాఖానలో బీపీ, షుగర్‌కు ఉచితంగా ఇస్తారు, ఒకసారి పేరు రాయించుకుంటే నెలకు సరిపడా. అక్కడ లేని గోళీ ఉంటే జన ఔషధి షాపులో అడగండి.

నీళ్ల సంగతి. మన జిల్లాలో బోరు నీళ్లు తాగి తగ్గించుకుందామని మాత్రం అనుకోవద్దు, ఫ్లోరైడ్ కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నల్లాలో మిషన్ భగీరథ నీళ్లు వస్తే అవి కృష్ణా నీళ్లు, శుద్ధి చేసి వదిలేవి. మేము అవే వడగట్టి తాగుతున్నాం, క్యాన్లు మానేశాం.

నారాయణపేట పెద్దమ్మ
బిడ్డా, నేను కిరాణం గురించి చెబుతా. నెలనెలా కిలో కిలో కొనడమే దండగ. కందులు చేతికొచ్చే జనవరి, ఫిబ్రవరిలో తెలిసిన రైతు దగ్గర కందులే కొని గిర్నిలో పప్పు పట్టించు, క్వింటాలుకు డెబ్బై కిలోల దాకా వస్తుంది. అంత పెట్టలేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి. చింతపండు, ఎండు మిరపకాయలు ఎండాకాలంలోనే. కారం పట్టించుకుంటే ఏడాది దుకాణం ముఖం చూడక్కర్లేదు.

జొన్నరొట్టె తింటే ఖర్చు తగ్గుతుందని కొందరంటారు, అది వెనకటి మాట. జొన్నలు ఇప్పుడు బియ్యం కన్నా పిరం. అత్తమ్మకు షుగర్ కాబట్టి ఆమె వరకు చెయ్యి.

ఇంకొకటి, పెట్టుడు చీరలు. ఎవరి ఇంట్లో ఏం జరిగినా చీర, జాకెట్ ముక్క, టవల్. తీసుకున్నవాళ్లు కట్టరు, ఇంకొకరికి పెడతారు. మా వదినలు, మేము కూర్చుని బంద్ చేసుకున్నాం, ఎంతో కొంత చేతిలో పెడతాం అంతే. మొదట్లో ఇద్దరు అలిగారు, తర్వాత వాళ్లే మంచిగైందన్నారు.

నల్లగొండ కోడలు
అందరికీ థ్యాంక్స్. మిత్తి సంగతి ఇట్లా లెక్కేసి ఎప్పుడూ చూడలేదు, ఇంట్లో చూపిస్తే మా ఆయన కూడా ఆలోచనలో పడ్డారు. పుస్తెలతాడు కాకుండా నెక్లెస్, కమ్మలు ఉన్నాయి. కానీ మా పక్కింటి వాళ్లది వేలంలో పోయింది, ఆ భయం ఉంది. గ్యాస్ డబ్బులు రెండు సిలిండర్లవి పడలేదు, ఏజెన్సీలో అడుగుతాను. పెద్దమ్మా, చింతపండు నాకు వానాకాలం రాగానే పురుగు పడుతుంది, ఎట్లా దాచాలి?

పాలమూరు పటేల్
వేలం ఊరికే వేయరు అక్కా. సాధారణంగా ఏడాది గడువు ఉంటుంది, ఆలోపు మిత్తి కట్టి తిరగరాయించుకోవాలి, కట్టకపోతే నోటీసు వస్తుంది. చిరునామా, ఫోన్ నంబర్ మారితే బ్యాంకులో చెప్పండి, నోటీసు అందక పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇంకోటి, వీధి చివర ఫైనాన్స్ వాళ్లు నిమిషాల్లో ఇస్తామంటారు, వాళ్ల మిత్తి అడిగి రాసుకుని బ్యాంకుతో పోల్చాకే సంతకం పెట్టండి. అప్పు తీర్చిన రోజు ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు.

నారాయణపేట పెద్దమ్మ
గింజ, ఈనె తీసి రెండెండలు బాగా తగలనియ్యి. దొడ్డు ఉప్పు చల్లుతూ జాడీలో గట్టిగా అదిమి పెట్టు, పైన బట్ట కట్టు. స్టీలు డబ్బాలో పెట్టకు. తీసేటప్పుడు తడి చెయ్యి పెట్టొద్దు, నెలకు సరిపడా చిన్న డబ్బాలోకి తీసుకుని జాడీ మళ్లీ మూసెయ్యి.