డీఎల్ఎల్ లేదన్న మెసేజ్ పోయి 0ఎక్స్‌సి000007బి వస్తోంది, దేన్నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: నీలితెర

ఇంట్లో వాడే డెస్క్‌టాప్. విండోస్ 11, 64 బిట్. ర్యామ్ 16 జీబీ, అంటే 8 జీబీ స్టిక్‌లు రెండు, వేర్వేరు కంపెనీలవి. విండోస్ ఎస్ఎస్‌డీలో ఉంది.

వరసగా జరిగింది ఇదీ. ఒక వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే "వీసీరన్‌టైమ్140 డాట్ డీఎల్ఎల్ కనబడలేదు" అని వచ్చింది (డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైలు). ఆ ఫైలును ఒక డీఎల్ఎల్ డౌన్‌లోడ్ సైటు నుంచి తెచ్చి సిస్టమ్32లో పెట్టాను. పాత మెసేజ్ పోయింది గానీ ఇప్పుడు "అప్లికేషన్ సరిగ్గా మొదలుకాలేదు, 0ఎక్స్‌సి000007బి" అంటోంది. అడ్మినిస్ట్రేటర్‌గా ఎస్ఎఫ్‌సీ స్కాన్ (విండోస్ ఫైళ్లను సరిచూసే పరికరం) నడిపితే, పాడైన ఫైళ్లు దొరికాయి గానీ కొన్నిటిని బాగుచేయలేకపోయానని చెప్పింది. ఇది కాక నెల రోజులుగా బ్రౌజరు, ఆఫీసు ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూసుకుపోతున్నాయి. అప్పుడప్పుడు "మెమరీ కుడ్ నాట్ బి రెడ్" అన్న పెట్టె కూడా వస్తోంది.

ఇవన్నీ ఒకే జబ్బా, వేర్వేరా? విండోస్ మళ్లీ ఎక్కించకుండా బాగుపడుతుందా?

జవాబు 1: తీగలపెట్టె

నీలితెర గారూ, మొదటి రెండు మెసేజ్‌లు ఒకే దారిలోవి. మూడోదీ నాలుగోదీ వేరే దారి కావచ్చు. మొదటి దాని సంగతి రాస్తున్నాను.

మెసేజ్ మారిందంటే ప్రోగ్రామ్ ఒక మెట్టు ముందుకెళ్లి అక్కడ ఆగిందని అర్థం. ముందు ఫైలు లేదంది. ఇప్పుడు ఫైలు దొరికింది గానీ దాని రకం తనకు పనికిరాదంటోంది. 0ఎక్స్‌సి000007బి అంటే అదే. చాలాసార్లు 64 బిట్ ప్రోగ్రామ్ చేతికి 32 బిట్ డీఎల్ఎల్ అందినప్పుడు, లేదా తిరగేసినప్పుడు, ఇది వస్తుంది. మీరు తెచ్చింది 32 బిట్ ఫైలై ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డరులో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు చూస్తే తలకిందులుగా ఉంటాయి, కానీ వాస్తవం అదే. పాత ప్రోగ్రాములు పాడవకూడదని ఆ పేర్లు అలా ఉంచేశారు.

చేయాల్సింది ఈ వరసలోనే చేయండి, వరస తప్పితే ఫలితం ఉండదు.

ముందు మీరు పెట్టిన ఫైలును తీసేయాలి. ప్రోగ్రామ్ డీఎల్ఎల్‌ను మొదట వెతికేది తన సొంత ఫోల్డరులో, ఆ తర్వాతే సిస్టమ్32లో. కాబట్టి ఎప్పుడైనా ఒక కాపీ ప్రోగ్రామ్ ఫోల్డరులో కూడా పడేసి ఉంటే ముందు దాన్ని తీయండి. అది అక్కడుండగా సిస్టమ్32లో ఎంత మంచి ఫైలున్నా ఉపయోగం లేదు. తర్వాత సిస్టమ్32లోది తీయండి, సిస్‌వావ్64లో కూడా ఒకసారి చూడండి. వాడుకలో ఉందని తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో (విండోస్ అవసరమైనవాటితోనే మొదలయ్యే పద్ధతి) తీయండి. ఒక హెచ్చరిక: అదే ఫోల్డరులో వీసీరన్‌టైమ్140 అండర్‌స్కోర్ సీఎల్ఆర్0400 అని ఇంకో ఫైలుంటుంది. అది డాట్‌నెట్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌ది, దాన్ని ముట్టుకోవద్దు.

తర్వాత సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015-2022 రీడిస్ట్రిబ్యూటబుల్ (ఆ డీఎల్ఎల్‌ను తెచ్చే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీ) కోసం చూడండి. ఎక్స్64 (64 బిట్), ఎక్స్86 (32 బిట్) అని రెండుండాలి. ఉంటే ఒక్కొక్కదానికి మాడిఫై నొక్కి రిపేర్ చేయండి. లేనిదాన్ని మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి తెచ్చి ఎక్కించండి. విండోస్ 64 బిట్ కదా, ఎక్స్64 ఒక్కటి చాలుననుకోవద్దు. 32 బిట్ ప్రోగ్రాములకు ఎక్స్86 కావాలి. ఆ తర్వాత రీస్టార్ట్.

ముందే ఎందుకు తీయమన్నానంటే, అక్కడున్న ఫైలు వెర్షన్ తను తెచ్చినదానితో సమానమైనా, అంతకన్నా ఎక్కువైనా ఇన్‌స్టాలర్ దాని జోలికి పోదు. "రీడిస్ట్రిబ్యూటబుల్ మళ్లీ ఎక్కించాను, అయినా అదే ఎర్రర్" అని అడిగేవాళ్లలో చాలామందికి అసలు అడ్డం ఇదే.

జాబితాలో 2008, 2010, 2013 అని పాతవి కనిపిస్తే దండగని తీసేయకండి. ఒకదాని పని ఇంకోటి చేయదు. ఎంఎస్‌వీసీఆర్100 అడిగే ప్రోగ్రాముకు 2010ది కావాలి, ఎంఎస్‌వీసీఆర్120 అడిగేదానికి 2013ది.

ఇంకోమాట. డీఎల్ఎల్ సైట్ల నుంచి తెచ్చిన ఫైలు సిస్టమ్32లో కూర్చుందంటే, కంప్యూటరును నమ్మేముందు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ చేయడం తప్పనిసరి. దానంతటదే రీస్టార్ట్ అయి పావుగంటలో ముగుస్తుంది. అలాంటి సైట్లలో "మీ కంప్యూటరుకు వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా వస్తే బ్రౌజరు మూసేయండి. విండోస్ సొంత ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

జవాబు 2: గుండుసూది

తీగలపెట్టె గారు చెప్పినదానికి కొనసాగింపు, ఎస్ఎఫ్‌సీ గురించి.

ముందుగా ఒకటి తెలియాలి. ఎస్ఎఫ్‌సీ చూసేది విండోస్ సొంత ఫైళ్లనే. విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు దాని పరిధిలోకి రావు, కాబట్టి మీ మొదటి ఎర్రర్‌కూ అది ఇచ్చిన జవాబుకూ సంబంధం లేదు. కానీ జవాబు మాత్రం పట్టించుకోవాల్సిందే.

పాడైన ఫైలు దొరికితే ఎస్ఎఫ్‌సీ దాని మంచి కాపీని, అలాంటివి నిలవ ఉంచే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరు నుంచి తెస్తుంది. ఆ నిలవే పాడైతే తేవడానికి ఏమీ ఉండదు, అందుకే "కొన్నిటిని బాగుచేయలేకపోయాను" అంటుంది. నిలవను బాగుచేసేది డీఐఎస్ఎమ్ అనే విండోస్ ఆదేశం. అందువల్ల ముందు డీఐఎస్ఎమ్, ఆ తర్వాత మళ్లీ ఎస్ఎఫ్‌సీ.

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ తెరవండి. డీఐఎస్ఎమ్ అని కొట్టి, దాని వెనక ఆన్‌లైన్, క్లీనప్-ఇమేజ్, రిస్టోర్‌హెల్త్ అనే మూడు మాటలు ఇంగ్లీషులో ఇవ్వాలి. ప్రతి మాట ముందూ ఒక ఖాళీ, ఆ వెంటనే ముందుకు వాలిన స్లాష్. స్లాష్‌కూ మాటకూ మధ్య ఖాళీ ఉండకూడదు. క్లీనప్‌కూ ఇమేజ్‌కూ మధ్య హైఫన్ ఉండాలి, ఖాళీ ఉండకూడదు. ఎర్రర్ 87 వచ్చిందంటే కంప్యూటరులో లోపమేమీ లేదు, మీరు కొట్టిన ఆ లైనులోనే ఎక్కడో ఖాళీయో, హైఫనో, అక్షరమో తప్పింది.

మధ్యలో ఒక అంకె దగ్గర చాలాసేపు కదలదు. విండో మూసేయకండి. మంచి ఫైళ్లను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి ఇంటర్నెట్ ఉండాలి. 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ వస్తే ఆ ఫైళ్లు దానికి దొరకలేదని. అప్పుడు తేలికైన దారి సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "విండోస్ అప్‌డేట్‌తో సమస్యలు సరిచేయండి" అన్న చోట రీఇన్‌స్టాల్ నౌ నొక్కడం. మీ ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అలాగే ఉంటాయి, విండోస్ ఫైళ్లు మాత్రం కొత్తవి వస్తాయి. అయినా ముఖ్యమైనవి బయటి డిస్కులోకి కాపీ చేసుకునే మొదలుపెట్టండి.

జవాబు 3: మౌస్‌మడత

చెక్‌డిస్క్ (డిస్కును సరిచూసే విండోస్ ఆదేశం) ఆర్ స్విచ్‌తో, అంటే వెనక స్లాష్ ఆర్ చేర్చి, నడపండి, ఇలాంటివి చాలావాటికి అదే మందు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

జవాబు 4: గుండుసూది

మౌస్‌మడత గారూ, దయచేసి దాన్ని మొదటి అడుగుగా చెప్పకండి. ఆర్ స్విచ్ డిస్కులోని ప్రతి సెక్టారునూ చదివిస్తుంది. డిస్కు కొన ఊపిరితో ఉంటే ఆ శ్రమకే పోవచ్చు, అప్పటికి బ్యాకప్ ఉండదు. పైగా చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచూడడం. ఫైలు లోపల పోయిన సమాచారాన్ని అది తిరిగి తేలేదు.

ముందు బ్యాకప్. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటిదానితో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఉంచుకునే లెక్కలు, చూడాలి. హార్డ్ డిస్కయితే 05, సీ5, సీ6 వరసల్లో (చెడిన సెక్టార్ల లెక్కలు) అసలు విలువ సున్నా ఉండాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఆ విలువల్ని మామూలుగా హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెలు) చూపిస్తుంది, చదివేటప్పుడు గుర్తుంచుకోండి. ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్ఎస్‌డీ అయితే "మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్" చూడాలి, అదీ సున్నానే ఉండాలి. ఇవి బాగుంటే చెక్‌డిస్క్‌ను స్కాన్ స్విచ్‌తో నడిపితే చాలు. విండోస్ నడుస్తుండగానే అవుతుంది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

జవాబు 5: లాగ్‌పుస్తకం

ఇక "మెమరీ కుడ్ నాట్ బి రెడ్". దీన్ని చూడగానే ర్యామ్ పోయిందని తేల్చేయకూడదు. తనది కాని చిరునామాను ప్రోగ్రామ్ చదవబోతే విండోస్ ఆపేస్తుంది, ఆ ఆపడానికి పేరు 0ఎక్స్‌సి0000005. ప్రోగ్రాములో లోపమున్నా, డ్రైవరు లోపమైనా, ర్యామ్ లోపమైనా కనిపించేది ఈ పెట్టే. తేడా తెలిసేది లాగ్‌లోనే.

ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్‌లోకి వెళ్లి, ఈవెంట్ ఐడీ 1000 ఉన్నవాటిని వడకట్టండి. ఒక్కొక్కదానిలో మూడు చూడాలి: పడిపోయిన ప్రోగ్రామ్ పేరు, ఫాల్టింగ్ మాడ్యూల్ (పడిపోయినప్పుడు నడుస్తున్న ఫైలు) పేరు, ఎక్సెప్షన్ కోడ్ (ఏ తప్పో చెప్పే సంఖ్య). కనీసం ఏడెనిమిది ఎంట్రీలు చూడండి, ఒక్కటి చూసి నిర్ణయించవద్దు. ఎప్పుడూ ఒకే ప్రోగ్రామ్, ఒకే మాడ్యూల్ ఉంటే అది సాఫ్ట్‌వేర్ గొడవ. మాడ్యూల్ గ్రాఫిక్స్ డ్రైవరుదైతే డ్రైవరు మార్చాలి. ప్రోగ్రాములూ, మాడ్యూళ్లూ ప్రతిసారీ మారుతుంటే అప్పుడు ర్యామ్‌ను అనుమానించాలి. ఫాల్టింగ్ మాడ్యూల్‌గా ఎన్‌టీడీఎల్ఎల్ అనే విండోస్ సొంత ఫైలు కనిపిస్తే నేరం దానిదనుకోకండి. వేరే ఎవరో చెడగొట్టిన మెమరీని తాకి పడిపోయేది తరచుగా అదే.

మెసేజ్ పెట్టె తెర మీద ఉన్నప్పుడు కంట్రోల్ సీ కొట్టండి. మామూలు విండోస్ పెట్టెలయితే లోపలి అక్షరాలన్నీ కాపీ అవుతాయి. ఇక్కడ పేస్ట్ చేస్తే ఊహల మీద జవాబు ఇవ్వనక్కర్లేదు.

నీలితెర

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన వరసలోనే చేశాను.

ప్రోగ్రామ్ ఫోల్డరులో కూడా ఆ డీఎల్ఎల్ కాపీ ఒకటి దొరికింది. రెండూ తీసేసి, ఎక్స్64 రిపేర్ చేసి, అసలు లేనే లేని ఎక్స్86 ఎక్కించి రీస్టార్ట్ చేశాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. డీఐఎస్ఎమ్ మొదట ఎర్రర్ 87 ఇచ్చింది, క్లీనప్ తర్వాత హైఫన్ మరిచాను. సరిచేశాక పూర్తయింది. ఎస్ఎఫ్‌సీ ఈసారి అన్నీ బాగుచేశానంది. ఎస్ఎస్‌డీ విలువలు బాగున్నాయి, ఎర్రర్లు సున్నా.

కానీ లాగ్‌లో చివరి తొమ్మిది ఎంట్రీలు చూస్తే ఆరు వేర్వేరు ప్రోగ్రాములు, అయిదు వేర్వేరు మాడ్యూళ్లు. కోడ్ ఎక్కువసార్లు 0ఎక్స్‌సి0000005. రెండు రోజులాగి ఎస్ఎఫ్‌సీ మళ్లీ నడిపితే మళ్లీ పాడైన ఫైళ్లు దొరికాయి.

జవాబు 6: లాగ్‌పుస్తకం

బాగుచేసిన ఫైళ్లు రెండు రోజుల్లో మళ్లీ పాడైతే, డిస్కు శుభ్రంగా ఉంటే, ఇక ముందుగా అనుమానించాల్సింది ర్యామ్‌నే. డిస్కుకు వెళ్లే ప్రతిదీ ర్యామ్ మీదుగానే వెళ్తుంది. అక్కడ ఒక బిట్ తప్పితే తప్పుగానే రాసుకుంటుంది, డిస్కుకు ఆ సంగతి తెలియదు. మీరు రాసిన "వేర్వేరు కంపెనీల స్టిక్‌లు" అన్న ముక్క మొదట్లోనే నా కంట్లో పడింది.

రన్ పెట్టెలో ఎండీషెడ్ అని కొడితే విండోస్ మెమరీ పరీక్ష వస్తుంది. రీస్టార్ట్ అయ్యాక ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని ఎఫ్10 కొట్టండి. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ కింద మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ పేరుతో ఉంటుంది. అందులో తప్పు దొరికిందంటే నమ్మవచ్చు. దొరకలేదంటే నమ్మకూడదు, ఎందుకంటే అది సున్నితమైన తప్పుల్ని వదిలేస్తుంది. యూఎస్‌బీలో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి నాలుగు విడతలూ పూర్తిగా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ ఫెయిలైనట్టే, "ఒక్కటే కదా" అనుకునే వీల్లేదు.

ఎర్రర్ వస్తే స్టిక్ కొనేయకండి. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులు) వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉందేమో చూడండి, కొన్ని బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. అది ర్యామ్‌ను మామూలు వేగం కంటే పైకి తోస్తుంది. ఒక స్టిక్ తట్టుకున్నది రెండోది తట్టుకోకపోవచ్చు. ఆఫ్ చేసి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ ఎర్రర్ వస్తే కరెంటు తీసేసి, ఒక్కో స్టిక్‌నే ఒకే స్లాటులో పెట్టి పరీక్షించండి. ఆ స్లాటులో ఒకటి పాసై ఇంకోటి ఫెయిలైతే తప్పు స్టిక్‌ది. రెండూ ఫెయిలైతే స్లాటు మార్చి చూడాలి.

నీలితెర

ఎక్స్ఎంపీ 3200 దగ్గర ఆన్‌లో ఉంది. అలా ఉండగా మెమ్‌టెస్ట్86 రెండో విడతలోనే 14 ఎర్రర్లు చూపింది. ఆఫ్ చేస్తే 2666కి దిగింది, నాలుగు విడతలూ సున్నా ఎర్రర్లు. ఇలాగే వదిలేయనా?

జవాబు 7: లాగ్‌పుస్తకం

వదిలేయండి. మామూలు ఇంటి పనిలో ఆ వేగం తేడా మీకు తెలియదు. మళ్లీ 3200 కావాలంటే ఒకే కిట్‌గా అమ్మే జతే వేయాలి.

ఒక పని మాత్రం మిగిలింది. ర్యామ్ తప్పుగా ఉన్న నెలలో రాసిన ఫైళ్లన్నీ అనుమానించదగ్గవే. డీఐఎస్ఎమ్, ఎస్ఎఫ్‌సీ ఇంకొక్కసారి నడపండి, ఎందుకంటే మొదటిసారి బాగుచేసింది కూడా ఆ ర్యామ్ మీదే. ఆ నెలలో తీసిన బ్యాకప్‌ను పాత బ్యాకప్ మీద రాయకండి, రెండూ ఉంచుకోండి. ఆ రోజుల్లో కాపీ చేసిన ఫొటోలు, జిప్ ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తెరుచుకోనివి ఉంటే పాత బ్యాకప్ నుంచి గానీ, కెమెరా కార్డులో ఇంకా ఉంటే అక్కణ్ణుంచి గానీ మళ్లీ తెచ్చుకోండి.