అప్‌డేట్: మైక్రోవేవ్‌లో కంద కూడా చక్కగా ఉడికింది

స్టవ్ లేని అద్దె గదిలో మైక్రోవేవ్‌తోనే దుంపలు ఉడికించుకోవచ్చా, బంగాళాదుంప పైన ముడతలు పడి లోపల గట్టిగా ఎందుకు ఉంటోందని అడిగాను కదా. మీ సలహాలన్నీ పనికొచ్చాయి, చాలా థ్యాంక్స్.

బంగాళాదుంప సులువే. కడిగి, ఫోర్క్‌తో అన్ని వైపులా గుచ్చి, 800 వాట్ల మీద మీడియం సైజువి రెండు పెడితే 6, 7 నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పాలి. అసలు కిటుకు ఆపేశాక మూతపెట్టి 5 నిమిషాలు వదిలేయడంలో ఉంది. మైక్రోవేవ్ తరంగాలు పైనుంచి కొద్ది సెంటీమీటర్లే లోపలికి వెళ్తాయి, నడిమి భాగం అక్కణ్ణుంచి లోపలికి పాకే వేడితోనే ఉడుకుతుంది.

కందతోనే నాకు టెన్షన్. దాని దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అందుకే చేతులకు నూనె రాసుకుని తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, చింతపండు పులుసు, ఉప్పు, పసుపు వేసి, మూత కాస్త వారగా పెట్టి ఉడికించాను. 10 నిమిషాలు దాటాక చాకు మొన ఆనించగానే దిగిపోయింది. ముక్క అంచులు విరిగి పిండిపిండిగా వచ్చాయి, గొంతు అస్సలు దురద పెట్టలేదు. ఆవపిండి, పచ్చికొబ్బరి కలిపితే అన్నంలోకి ఎంత బాగుందో!

చామదుంపలు ఎవరైనా ఇలా చేశారా? తొక్కతోనే పెట్టాలా?